గాలము, ఎర, వివేకము

(సోలై నగర్‌లో జరిగిన కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమున నన్ను ప్రసంగింపుమని కోరిన మిత్రులు విషయమును నా యిష్టమునకే విడిచిరి. సాహిత్యమును గూర్చి చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ సభలో పలువురు కలరు. సముద్రపుటొడ్డున, జాలరివాడ ప్రక్కన మనము కూడితిమి గనుక, చేపను పట్టు ఎరను గూర్చియు, ఆ యెరను ఎంచుకొనుటయందలి వివేకమును గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిని. దస్త్రముల నడుమ కాలము గడపు సచివాలయోద్యోగికి గాలముతో నేమి పనియని కొందరు నవ్వవచ్చును. సాయంకాలమున ఈ తీరము వెంట నడచువాడను గనుక, నడచుచు చూచినదియు, ఇంటికి పోయి చదివినదియు కలిపి మీ ముందుంచుచున్నాను.

మన పెద్దలు ఒక మాట చెప్పిరి. లేడి శబ్దమునకు, ఏనుగు స్పర్శకు, మిడుత రూపమునకు, మీనము రుచికి, తుమ్మెద వాసనకు లోబడి నశించుననియు, ఒక్కొక్క యింద్రియమునకు వశమైన ప్రాణియే యిట్లు చెడగా, అయిదింటికిని లోబడిన మానవుని గతి యేమియనియు వారు హెచ్చరించిరి. వివేకచూడామణియందు ఈ భావమును మీరు చూచియే యుందురు. వేదాంతమునకు ఆ మాట చాలును. చేపల వేటకు మాత్రము అది చాలదు. ఏలయనగా, నేడు లోకమందంతటను వాడబడుచున్న యెరలలో చాలవానికి రుచియే లేదు. అవి రేకు ముక్కలు, కొయ్య బొమ్మలు, ఈకల కుచ్చులు, రబ్బరు తోకలు. వీనిని ఆంగ్లమున లూర్ అందురు. మనము బొమ్మయెర యనుకొందము. రుచి లేని బొమ్మను చేప యేల నోట కరచును? మీనము రుచిచేతనే కాక, రూపముచేతను, శబ్దముచేతను, స్పర్శచేతను కూడ పట్టుబడును గనుక. ఏ చేప ఏ యింద్రియమును నమ్ముకొని బ్రతుకుచున్నదో తెలిసికొనుటయే యెర యెంపికలోని మర్మము.

ఈ విద్య మిక్కిలి సూక్ష్మముగా పెరిగిన చోటు ఒకటి కలదు. అది మన యెండల దేశమునకు చాల దూరము. ఉత్తర అమెరికాలో మినియాపొలిస్, విన్నిపెగ్ మొదలైన నగరములయందు నేడు తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. మన సహోద్యోగుల పిల్లలు కూడ కొందరు ఆ ప్రాంతములకు ఉద్యోగార్థము పోయియున్నారు. శీతకాలమున అచటి సరస్సులు గడ్డకట్టును. జనులు ఆ మంచుపలకపై నడచిపోయి, బరమాతో రంధ్రము తొలిచి, చిన్న పీటపై కూర్చుండి, ఆ రంధ్రముగుండ గాలము దించుదురు. మనిషి నడచుటకు కనీసము 4 అంగుళముల స్వచ్ఛమైన గట్టిమంచు ఉండవలెనని అచటి ప్రభుత్వములు హెచ్చరించుచుండును. ఆ సరస్సులు ఎంత పెద్దవో చెప్పవలెనన్న, మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతపు నాలుగు భాగములును, యానాముతో సహా, కలిపి దాదాపు 490 చదరపు కిలోమీటర్లు. విన్నిపెగ్ సరస్సు ఒక్కటియే దాదాపు 24,500 చదరపు కిలోమీటర్లు. అనగా మన ప్రాంతము వంటివి ఏబది దానిలో ఇముడును. అట్టి విశాల జలరాశిలో, జానెడు వెడల్పు గల రంధ్రముగుండ, కంటికి కనబడని చేపను పిలువవలెను. అందుచేత ఎర యెంపిక వారికి శాస్త్రమే యైనది.

వారు కోరు చేప పేరు వాలై. మిన్నెసోటా రాష్ట్రము 1965లో దీనిని రాష్ట్రమత్స్యముగా స్వీకరించినది. దీని కంటిలో, రెప్పలార్పక చూచు పిల్లి కంటిలో వలెనే, వెలుతురును తిరిగి ప్రసరింపజేయు పొర యొకటి కలదు. దానివలన మసక చీకటిలో, కలకనీటిలో, యితర చేపలు చూడలేని వేళ ఇది చూడగలదు. ప్రొద్దు పొడుచు వేళయు, ప్రొద్దు క్రుంకు వేళయు దాని వేటకాలము. రంగులలో అది నారింజ, ఆకుపచ్చ ఛాయలను బాగుగా గుర్తించును. అందుచేతనే అచటివారు నారింజ, పసుపుపచ్చ, ఆకుపచ్చ పూసిన బొమ్మయెరలను, చీకటిలో మెరయు పూత గల వానిని ఎంచుకొందురు.

రంగును గూర్చి ఇంకొక మాట. మన చేతిలో ఎఱ్ఱగా మెరసిన బొమ్మ నీటి లోతున ఎఱ్ఱగా నుండదు. సూర్యకాంతిలోని యెరుపును నీరు మొట్టమొదట మ్రింగివేయును. కొద్ది మీటర్ల లోతునకే ఎరుపు నల్లబారును. స్వచ్ఛమైన సముద్రజలమున నీలము మిక్కిలి లోతునకు పోవును; మట్టి కలిసిన నీటిలో పసుపు, పచ్చ ఛాయలు మిగులును. కనుక ఎరను దుకాణపు దీపము క్రింద చూచి యెంచుకొనుట చాలదు. అది చేరబోవు నీటిలో ఎట్లు కనబడునో ఊహింపవలెను. దుకాణములయందు వ్రేలాడు రంగురంగుల బొమ్మలలో కొన్ని చేపలను కాక, కొనువారిని పట్టుటకే తయారైనవేమోయని నాకు తోచును.

ఇక శబ్దము. నీటిలో శబ్దము గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగముతో పోవును. చేపకు వెలుపల చెవులు లేకున్నను లోపల వినికిడి కలదు. అంతే కాదు, మొప్పల వెనుకనుండి తోకవరకు ఇరుప్రక్కల సాగిన సన్నని గీత యొకటి కలదు. ఆ గీతతో అది నీటి కదలికను తాకిచూచినట్లు తెలిసికొనును. ఇది వినికిడియు స్పర్శయు కలిసిన యింద్రియము వంటిది. అందుచేత మంచు క్రింది వేటగాండ్రు కొన్ని బొమ్మయెరల కడుపున చిన్న గుండ్లు పెట్టి గలగలలాడింతురు. దూరమున నున్న చేపకు అది పిలుపు. అయితే చేప దగ్గరకు వచ్చిన పిదప అదే గలగల బెదరింపు కావచ్చును. అప్పుడు కదలిక మాని ఊరకుండవలెను. ఎరను ఒక అడుగు పైకెత్తి, తడబడుచు పడనిచ్చి, కదలక నిలిపియుంచగా, ఆ నిలుకడవేళనే చేప తరచుగా కరచునని అనుభవజ్ఞులు చెప్పుదురు. నీరు 4 డిగ్రీల వేడిమియందు మిక్కిలి బరువుగా నుండును గనుక, మంచు క్రింద అడుగునీరు ఆ వేడిమికి చేరువగా నుండును. ఆ చలిలో చేప మందముగా తిరుగును, కొద్దిగా తినును, దూరము తరుమదు. కనుక ఎర చిన్నదిగాను, నడక నెమ్మదిగాను ఉండవలెను.

కదలికను గూర్చి ఫిన్లాండు దేశపు జాలరి యొకని కథ ప్రసిద్ధము. ఆయన పేరు లౌరి రాపాలా. చిన్న చేపల గుంపులో పెద్ద చేప దేనిని పట్టుచున్నదో ఆయన చాలకాలము పరికించెను. సరిగా నీదు వానిని విడిచి, కుంటుచు, ఒరగుచు నీదు దానిని అది ఎంచుకొనుచుండెను. 1936లో ఆయన బెండు ముక్కను చెక్కి, చాక్లెట్టు చుట్టిన వెండికాగితము తొడిగి, కరగించిన ఛాయాచిత్రపు ఫిల్మును పూతగా పూసి, ఆ కుంటి నడక నడచు బొమ్మను చేసెను. దానినుండి పెరిగిన పరిశ్రమ పేరు నేడు లోకమంతట వ్యాపించినది. ఆయన గొప్పతనము చేతి పనితనమునందుకంటె ముందు, చేయి కదలక చేసిన పరిశీలనయందే కలదు.

మరి రుచి మాటయేమి? మన పెద్దలు పూర్తిగా తప్పలేదు. మంచుపై వేటగాండ్రలో చాలమంది బొమ్మయెర కొసకు చిన్న చేప తలను గ్రుచ్చుదురు. బొమ్మను నోట బెట్టిన చేప, రుచి లేదని గ్రహించిన యెడల తటాలున ఉమిసివేయును. రుచి తగిలిన క్షణకాలము పట్టియుండును. ఆ క్షణమే వేటగానికి కావలసినది. కనుక నేను గ్రహించిన సూత్రము ఇది: దూరమునుండి పిలుచునది శబ్దము, చేరువకు రప్పించునది రూపము, పట్టి నిలుపునది రుచి. మూడింటిలో ఏది కొరతయో చూచి ఎరను మార్చువాడు నేర్పరి.

ఈ సూత్రముతో మన తీరమునకు వత్తము. సోలై నగర్, వైత్తికుప్పము, కురుచికుప్పము జాలరివాడలయందు గాలపు వేటను తూండిల్ అని తమిళమున వ్యవహరింతురు. ఇచటి నీరు ఏడాది పొడవున ఒక్క తీరుగా నుండదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వర్షించును. నదుల మట్టి కడలిలో కలిసి నీరు కలగును. అప్పుడు కంటికంటె పక్కగీతకు పని యెక్కువ. కొంచెము పెద్దదియు, నీటిలో కొట్టుకొనుచు అదురు పుట్టించునదియు, ముదురు నీడ గలదియు, లేదా పసుపుపచ్చనిదియు నైన ఎర తగును. వేసవి ముందు నీరు తేరుకొన్నప్పుడు చిన్నదియు, వెండివలె మెరయునదియు, వడిగా పరుగెత్తునదియు తగును.

చేపను బట్టియు ఎర మారును. వంజరము వేగముగా తరుమి వేటాడును, చూపును నమ్మును. దానికి పడవ వెంట వడిగా లాగబడు వెండిరేకు ఎర తగినది. దాని పండ్లు కత్తులవంటివి గనుక ఎరకు ముందు జానెడు ఉక్కుతీగ తప్పనిసరి. పండుగప్ప స్వభావము వేరు. తమిళులు దీనిని కొడువా యందురు. ఇది వాలై చేపకు బంధువు కాకున్నను గుణమున సోదరి. దీని కన్నులు కూడ రాత్రి దీపపు వెలుగున ఎఱ్ఱగా మెరయును. ఇది తరుమదు, పొంచియుండును. అరియాంకుప్పము నదీముఖము వంటి చోట్ల మడచెట్ల వేళ్ళ చెంత, వంతెన స్తంభముల నీడన నిలిచి, ఆటుపోట్లు మారు వేళ, సందెచీకటిలో, ఎదుటికి వచ్చిన రొయ్యనో, మడవై చేపనో గుటుక్కున మ్రింగును. దీనికి వడిగల యెర పనికిరాదు. దాని నివాసము ప్రక్కగా నెమ్మదిగా పోవుచు, నడుమ నడుమ ఆగునది కావలెను.

మన దక్షిణ తీరములలో కనవా యనబడు స్క్విడ్‌కు రొయ్య ఆకారపు బొమ్మ వాడుదురు. దాని కొసన వంకర గాలము బదులు సూదుల కిరీటముండును. స్క్విడ్ కరవదు, చేతులతో కౌగిలించుకొని సూదులకు తగులుకొనును. స్క్విడ్‌లలో చాల జాతులకు రంగుల భేదము తెలియదు, వెలుగునీడల తారతమ్యమే తెలియును. అయినను ఆ బొమ్మలు ఇంద్రధనుస్సువలె అన్ని రంగులలోను అమ్మబడుచున్నవి. ఎవరి కన్నుల కొరకో మీరే చెప్పుడు.

యానామునుండి వచ్చిన మిత్రులు పులస మాట యేమని అడుగుదురని నాకు తెలియును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత పుట్టిన గోదావరి తీరమున ఏ బొమ్మయెరయు పనిచేయదు. పులస నీటిని వడగట్టి అందలి సూక్ష్మజీవులను తిను చేప. పరుగెత్తు దానిని పట్టి తినుట దానికి అలవాటు కాదు. దానికి వలయే గతి. ఎర యెంపికలో మొదటి పాఠము ఇదియే కావచ్చును: ఆశ లేనివానికి ఎర లేదు.

తెలుగునాట చెరువులలోని కొరమీను మరియొక పాఠము చెప్పును. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. దీనిని కప్పతోగాని, కప్పబొమ్మతోగాని పట్టుదురు. ఇది తన పిల్లలను గుంపుగా చేర్చి కావలి కాయును. ఆ సమయమున పిల్లల గుంపుమీద కప్పబొమ్మను పడవేసినచో, ఆకలి లేకున్నను కోపముతో వచ్చి కరచును. అది ఎరకు చిక్కినది కాదు, బిడ్డలపై మమకారమునకు చిక్కినది. దానిని తీసికొన్న క్షణమునుండి ఆ పిల్లలకు దిక్కు లేదు. తక్కిన చేపలు వచ్చి మ్రింగివేయును. ఒక్క చేపను పట్టి ఒక తరమును పోగొట్టుకొనుట యిది. పని చేయు ఎర అంతయు వేయదగిన యెర కాదని నేను చెప్పుట ఇందువలననే.

సభ్యులారా, ఈ ప్రసంగమునకు ప్రాణమైన మాట ఇప్పుడు చెప్పుచున్నాను. వలకు కన్నులు వేలకొలది కలవు గాని చూపు లేదు. వలకన్ను కొలతకు చిక్కినదెల్ల వచ్చును. అది తల్లియా, పిల్లయా యని వల అడుగదు. గాలమునకు అట్లు కాదు. గాలము పెద్దదైన చిన్న చేప నోట పట్టదు. ఎరను మార్చిన వేరొక చేపను కోరినట్లగును. చిక్కిన చేపను బ్రతికియుండగనే తిరిగి విడువవచ్చును. గాలము ఎంచుకొనగల సాధనము. ఎంచుకొనగలిగియు ఎంచుకొననివాడు గాలము పట్టిన వలవంటివాడు.

ఈ మాటకు మన తీరమున బరువు కలదు. 1980వ దశకము చివర అరియాంకుప్పము నదీముఖమున ఓడరేవు గోడలు కట్టబడిన పిమ్మట, ఏడాదిలో ఎక్కువ కాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నడచు ఇసుక అచట నిలిచిపోయి, ఉత్తరపు ఒడ్డులు కోతకు గురియైనవి. సోలై నగర్ వైపు నడచినచో ఇసుకకు బదులు రాళ్ళగట్టు కనబడును. 2018 ప్రాంతమున జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు సచివాలయపు ఎదుటి సముద్రమున ఉక్కు కట్టడము నొకదానిని ముంచియుంచిన తరువాత అచట కొంత యిసుక తిరిగి చేరినది, సంతోషము. కాని ఒడ్డునుండి పలువురు కలిసి లాగు అలివివలకు విశాలమైన ఇసుకతిన్నె కావలెను. తిన్నె పోయిన చోట ఆ వలయు పోయినది, ఆ సామూహిక వృత్తియు సన్నగిల్లినది. రాళ్ళగట్టుపై నిలువగలిగినది గాలము పట్టిన మనిషి యొక్కడే. కనుక ఇచటి బిడ్డలకు గాలపు విద్య వినోదము మాత్రమే కాదు. తండ్రుల సముద్రజ్ఞానములో మిగిలిన భాగము.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యాంత్రికపు పడవల వేటకు నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టుటకు ఈ విరామమని ప్రభుత్వపు ఉద్దేశము. చట్టము పడవను ఆపగలదు గాని, గట్టుమీద గాలము పట్టిన ఒక్కొక్క చేతిని ఆపుట దానికి సాధ్యమా? అచట మన వివేకమే చట్టము కావలెను. పండుగప్ప జీవితమును చూడుడు: తొలి యేండ్లలో అది మగది, కొన్నేండ్ల పిదప ఆడదిగా మారును. అందుచేత మిక్కిలి పెద్దవి దాదాపు అన్నియు తల్లులు. చిన్నవానిని పట్టిన అవి తల్లులు కావు. పెద్దవానిని అన్నిటిని పట్టిన తల్లులు మిగులవు. నడిమి పరిమాణముతో తృప్తిపడుట యొక్కటియే న్యాయమైన మార్గము. కెనడాలోని మానిటోబా రాష్ట్రమున గాలమునకు ఎదురుముల్లు ఉండరాదని నిబంధన చేసిరి. చిక్కిన చేపను గాయము లేకుండ విడుచుటకు అది సులువు. మనకు అట్టి నిబంధన కావలసిన పనిలేదు. పటకారుతో ఆ ముల్లును నొక్కివేయుటకు అర నిమిషము చాలును.

యువకులకు ఆచరణయోగ్యమైన నాలుగు మాటలు చెప్పి ముగింతును. మొదటిది, ఎరను కొనుటకు ముందు నీటిని చూడుడు; తేటయా, కలకయా, ఎంత లోతు, ఏ వేళ. రెండవది, కోరు చేప తరుమునదియా, పొంచునదియా తెలిసికొని నడకను కుదుర్చుడు. మూడవది, గాలపు పరిమాణమును మీరు విడువదలచిన చేపనుబట్టి నిర్ణయింపుడు, పట్టదలచిన దానినిబట్టి మాత్రమే కాదు. నాలుగవది, విడుచునప్పుడు చేయి తడిచేసికొని పట్టుడు, మొప్పలను తాకకుడు; తెగిన దారమును రాళ్ళలో వదలి రాకుడు, అది పక్షి కాలికో తాబేలు మెడకో ఉరియగును. రాళ్ళగట్టుపై పాచి జారును. అల పెద్దదైన నాడు ఏ చేపయు మీ ప్రాణమునకు ఈడు కాదు. ఈ మాట తల్లుల తరఫున చెప్పుచున్నాను.

మన కార్యాలయములలోను ఎరలు లేకపోలేదు. మెరయునది, గలగలలాడునది, తియ్యనిది మన ముందు కూడ వ్రేలాడుచునే యుండును. చేప యింద్రియములను గూర్చి యింత తెలిసికొన్న మనము, మన యింద్రియములను గూర్చి కొంచెమైన తెలిసికొన్నచో పెద్దల హెచ్చరిక వృథా కాదు. భోజనములు సిద్ధమైనట్లు వాసన చెప్పుచున్నది. ఆ యెరకు మనమందరము లోబడుదము. సెలవు.